సొంత డెస్క్‌టాప్‌కి పార్టులు ఎంచుకోవడం ఎలా: ముందు కాగితం, తర్వాత కొనుగోలు

"ఏ ప్రాసెసర్ తీసుకోమంటారు?" పీసీ బిల్డ్ చేద్దామనుకున్న ప్రతివాళ్లూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. దానికి జవాబు చెప్పేలోపే గ్రాఫిక్స్ కార్డు కావాలా వద్దా, ఏ బోర్డు, ఎంత ర్యామ్ అని వరుసగా వచ్చేస్తాయి. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి అందరికీ కలిపి ఒకచోట రాసేస్తున్నాను. ఒక మాట ముందే చెప్తాను: మంచి పార్టు ఏది, చెత్త పార్టు ఏది అన్నదాని కన్నా ఏది దేనితో కుదురుతుందన్నదే పెద్ద తలనొప్పి. ప్రాసెసర్ ఎంపిక తప్పి బాధపడినవాళ్లని నేను తక్కువే చూశాను. కొన్న ర్యామ్ మదర్‌బోర్డులో (పార్టులన్నీ గుచ్చే పెద్ద బోర్డు) దిగక, ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ పెట్టాక కేసు (పీసీ పెట్టె) తలుపు మూసుకోక తల పట్టుకున్నవాళ్లనే ఎక్కువ చూశాను.

అందులో మొదటివాణ్ణి నేనే. నా తొలి బిల్డులో కేసుకి 158 మిల్లీమీటర్ల ఎత్తు కూలర్ వరకే పడుతుందని స్పెసిఫికేషన్‌లో రాసే ఉంది, నేను కొన్నది 163. ఐదంటే ఐదు మిల్లీమీటర్లు. ఆర్నెల్లపాటు ఆ పీసీ పక్క తలుపు లేకుండానే నడిచింది, గదిలో దుమ్మంతా దానికే. అప్పటినుంచి కాగితం మీద అంకెలు రాసుకోకుండా ఒక్క స్క్రూ కూడా కొనలేదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక కాగితం, పెన్ను. ఫోన్లో నోట్స్ అయినా సరే, కొనేటప్పుడు కళ్ల ముందు ఉండాలి.
- బడ్జెట్, ఒకే అంకెలో. మానిటర్, కీబోర్డు, విండోస్ లైసెన్సు అందులోనేనా, వేరేనా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. చివర్లో తేలిస్తే కోత పడేది పవర్ సప్లై మీదే.
- మీరు నిజంగా వాడే రెండు మూడు సాఫ్ట్‌వేర్లు లేదా గేముల పేర్లు. "ఎప్పుడైనా ఎడిటింగ్ నేర్చుకుంటానేమో" లాంటివి వద్దు.
- మానిటర్ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (తెర సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో, హెర్ట్జ్‌లలో).
- ప్రతి పార్టుకీ తయారీ కంపెనీ సొంత సైటులో ఉండే స్పెసిఫికేషన్ పేజీ. అమ్మేవాళ్ల పేజీలో వివరాలు చాలాసార్లు వేరే మోడల్‌వి అతికించి ఉంటాయి.

1. చేసే పనిని బట్టి డబ్బు ఎటు పోవాలో తేల్చుకోండి

గేములకైతే బడ్జెట్‌లో పెద్ద ముక్క గ్రాఫిక్స్ కార్డుకి పోతుంది. కోడింగ్, ఆఫీసు పని, బ్రౌజింగ్ అయితే అసలు విడి కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ చాలు, ఆ డబ్బుతో ర్యామ్, మంచి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్) వస్తాయి. వీడియో ఎడిటింగ్‌కి ప్రాసెసర్, ర్యామ్, కార్డు మూడూ కావాలి. త్రీడీ రెండరింగ్, ఏఐ మోడళ్లు నడపడం లాంటివి ఉంటే మీ సాఫ్ట్‌వేర్‌కి ఎన్‌విడియా వాళ్ల CUDA (గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే వ్యవస్థ) అవసరమా అని చూడండి, ఎందుకంటే CUDA మీద మాత్రమే పనిచేసే టూల్స్ ఇంకా చాలా ఉన్నాయి, అది ఎన్‌విడియా కార్డుల్లోనే ఉంటుంది.

2. గేములైతే కార్డు ముందు, మిగతావాళ్లకి ప్రాసెసర్ ముందు

కార్డు ఎంచుకునేటప్పుడు మూడు అంకెలు కాగితం మీదికి ఎక్కాలి: వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) ఎన్ని జీబీలు, పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, కరెంటు ఎన్ని వాట్లు. ఒకే చిప్‌తో వేర్వేరు కంపెనీలు చేసిన కార్డుల పొడవులో చాలా తేడా ఉంటుంది, కాబట్టి చిప్ పేరు ఒక్కటే చూస్తే సరిపోదు, మోడల్ పేరు మొత్తం రాసుకోండి. వీర్యామ్ 8 జీబీ అంటే 1080పీ రిజల్యూషన్‌కి నడిచిపోతుంది, 1440పీలో కొత్త గేములు హై టెక్స్చర్లతో ఆడాలంటే ఇరుకైపోతుంది. అక్కడ 12 లేదా 16 చూడమంటాను.

మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే పెద్ద కార్డు కొని లాభం లేదు. ముందు మానిటర్ మార్చుకోండి.

3. ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చదవండి

అందరూ ఐ5, ఐ7 దగ్గరే ఆగిపోతారు. చిక్కంతా చివరి అక్షరంలో ఉంది.

- ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు. 12400ఎఫ్ కొని విడి కార్డు పెట్టకపోతే మానిటర్ మీద నల్లటి తెర తప్ప ఇంకేమీ రాదు.
- ఇంటెల్‌లో కే ఉంటే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు, అంటే మామూలు వేగం కన్నా పెంచుకోవచ్చు. ఆ రకం డబ్బాలో కూలర్ రాదు, విడిగా కొనాలి.
- ఏఎండీలో 5000 సిరీస్ డెస్క్‌టాప్ చిప్‌లలో చివర జీ, జీఈ, జీటీ ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. రైజెన్ 5 5600కి లేదు. 7000 సిరీస్ నుంచి దాదాపు అన్నిటికీ చిన్నపాటి గ్రాఫిక్స్ ఇస్తున్నారు, 7500ఎఫ్ లాంటి ఎఫ్ రకాలు తప్ప.
- ఎక్స్3డీ అని ఉంటే అదనపు క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉన్నట్టు. గేములకి బాగా పనికొస్తుంది, ఆఫీసు పనికి ఆ డబ్బు దండగ.

బడ్జెట్ ఒప్పుకుంటే లోపల గ్రాఫిక్స్ ఉన్న రకమే తీసుకోమంటాను. రేపు కార్డు పాడై రిపేరుకి వెళ్తే పీసీ కనీసం ఆన్ అవుతుంది, లోపం ఎక్కడుందో వెతకడమూ తేలిక.

ఇంకోటి, డబ్బా మీద ఉండే వాట్లు చూసి మోసపోకండి. కోర్ ఐ5 12400 అనేది 65 వాట్ల చిప్ అంటారు గానీ టర్బోలో, అంటే పూర్తి వేగంతో నడిచేటప్పుడు, ఇంటెల్ లెక్క ప్రకారమే 117 వరకు లాగుతుంది. రైజెన్ 5 7600 కూడా 65 అంటారు, గరిష్ఠం 88. కాగితం మీద ఈ రెండో అంకె రాయండి.

4. మదర్‌బోర్డు: ఇక్కడ తొందర వద్దు

మొదట సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటు. ఏఎండీ 7000 సిరీస్, ఆ తర్వాతివి ఏఎం5. అంతకుముందు 5000 వరకు ఏఎం4. ఇంటెల్ 12, 13, 14 తరాలు ఎల్‌జీఏ1700. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ సిరీస్‌కి ఎల్‌జీఏ1851. సాకెట్ కలవకపోతే మిగతావి చూడక్కర్లేదు.

సాకెట్ కలిసినంత మాత్రాన పనవుతుందా అంటే, అదీ లేదు. బోర్డు పాత స్టాకు అయితే అందులోని బయోస్‌కి (పీసీని ఆన్ చేసే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) మీ కొత్త ప్రాసెసర్ అంటే ఏంటో తెలియదు. ఉదాహరణకి బీ650 బోర్డులో రైజెన్ 9000 సిరీస్ పెట్టాలంటే బయోస్ అప్‌డేట్ కావాలి. అప్‌డేట్ చేద్దామంటే పీసీ ఆన్ అవ్వాలి, ఆన్ అవ్వాలంటే అప్‌డేట్ కావాలి, ఇలా మధ్యలో ఇరుక్కుంటారు. అందుకని బోర్డు కంపెనీ సైటులో సీపీయూ సపోర్ట్ లిస్టు తెరిచి, మీ ప్రాసెసర్ ఎదురుగా ఉన్న బయోస్ వెర్షన్ రాసుకోండి. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ పెట్టకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు, ఆ బటన్ ఉన్న బోర్డుకి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

తర్వాత ర్యామ్ రకం. ఏఎం5, ఎల్‌జీఏ1851 బోర్డులన్నీ డీడీఆర్5. ఏఎం4 అంటే డీడీఆర్4. గందరగోళం ఎల్‌జీఏ1700తోనే, ఎందుకంటే ఒకే పేరుతో డీడీఆర్4 బోర్డూ ఉంటుంది, డీడీఆర్5 బోర్డూ ఉంటుంది, కొన్ని కంపెనీలు పేరు చివర డీ4 అని చిన్నగా తగిలించి ఊరుకుంటాయి. రెండు రకాల ర్యామ్‌కీ పిన్నులు 288, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, మధ్యలో గాడి మాత్రం వేర్వేరు చోట. దిగట్లేదని గట్టిగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

ఇక లెక్క పెట్టుకోవాల్సినవి: ర్యామ్ స్లాట్లు రెండా నాలుగా, ఎం.2 స్లాట్లు (చిన్న ఎస్‌ఎస్‌డీ నేరుగా బోర్డులో దిగే చోట్లు) ఎన్ని, వైఫై ఉందా, వెనక యూఎస్‌బీ పోర్టులు ఎన్ని. కేసు ముందు టైప్-సి పోర్టు ఉంటే దానికి బోర్డు మీద విడిగా ఒక కనెక్టర్ ఉండాలి. చౌక బోర్డుల్లో అది ఉండదు, అప్పుడు ఆ పోర్టు అలంకారానికే. ఎం.2 స్లాటు వాడితే కొన్ని సాటా పోర్టులు (హార్డ్ డిస్కులు కేబుల్‌తో తగిలించేవి) పనిచేయవని కొన్ని బోర్డుల మాన్యువల్‌లో రాసి ఉంటుంది. పాత హార్డ్ డిస్కులు మూడు నాలుగు తగిలించుకునేవాళ్లు ఆ పేజీ చదివాకే కొనండి.

5. ర్యామ్: ఒక్కటి కాదు, జత

16 జీబీ కావాలంటే 8 జీబీలవి రెండు, 32 కావాలంటే 16వి రెండు, ఒకే ప్యాకెట్‌లో వచ్చిన జత తీసుకోండి. "ఇప్పుడు ఒకటి, తర్వాత ఇంకోటి" అనుకుంటే డ్యూయల్ ఛానల్ (రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేసే) వేగం పోతుంది, ముఖ్యంగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడేవాళ్లకి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపడం కూడా మంచి ఆలోచన కాదు. రైజెన్ 7000లో నాలుగు పెడితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. రేపు 64 కావాలనిపిస్తే ఇప్పుడే 32వి రెండు కొనుక్కోవడం నయం.

రైజెన్ 7000కి 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందించే ఆలస్యం అంకె, తక్కువుంటే మేలు) ఉన్న జత సరిగ్గా సరిపోతుంది. అంతకుమించి డబ్బు పెట్టినా మీకు తెలిసే తేడా ఉండదు. ర్యామ్ మీద లైట్లున్న ఎత్తైన రకాలు పెద్ద ఎయిర్ కూలర్‌కి తగులుతాయి, ఎత్తు కూడా రాసుకోండి.

6. స్టోరేజ్

ఇది త్వరగా తేలిపోతుంది. విండోస్‌కి, ప్రోగ్రాములకి ఒక ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ, 2280 సైజుది, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. ఎం.2 అని రాసి ఉన్నదల్లా ఎన్‌వీఎంఈ కాదు, అదే ఆకారంలో సాటా రకం కూడా ఉంటుంది, వేగం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. నాలుగో తరం ఎన్‌వీఎంఈ 7000 దాకా వెళ్తుంది, అయితే రోజువారీ పనిలో 3500 ఇచ్చే మూడో తరానికీ దానికీ తేడా కనిపెట్టడం కష్టం. ఐదో తరం వేడెక్కుతుంది, డబ్బు కూడా ఎక్కువ, నేనైతే కొనను.

7. పవర్ సప్లై: ఇక్కడ మాత్రం కక్కుర్తి పడకండి

అన్నీ కొన్నాక మిగిలిన డబ్బుతో పవర్ సప్లై కొనడమంటే ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటమే. మిగతా పార్టు పోతే ఆ ఒక్కటే పోతుంది, ఇది పోతే పక్కవాటిని కూడా తీసుకుపోవచ్చు.

లెక్క ఇలా. కార్డు వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు, మిగతా అన్నిటికీ కలిపి ఒక 70, ఈ మూడూ కూడి ఒకటిన్నర రెట్లు చేయండి. ఆర్‌టీఎక్స్ 4070కి 200, రైజెన్ 5 7600కి 88, మిగతావి 70, మొత్తం 358. ఒకటిన్నర రెట్లు అంటే 537. దానిపైన దొరికే సైజు 550, కానీ ఎన్‌విడియా ఆ కార్డుకి 650 చెప్తుంది కాబట్టి 650 తీసుకోండి. ఈ ఎక్స్‌ట్రా ఎందుకంటే కార్డులు రెప్పపాటు కన్నా తక్కువ సేపు తమ రేటింగ్ దాటి ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. ఆ కుదుపుల్ని తట్టుకోవడం కోసమే ఏటీఎక్స్ 3.0 ప్రమాణం వచ్చింది, కొత్త పెద్ద కార్డులకి అది ఉన్నదే చూడండి.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్రలు. లోపలి సరుకు నాణ్యతకి అవి హామీ కాదు. వారంటీ ఎన్నేళ్లో చూడండి, విప్పి పరీక్షించినవాళ్ల రివ్యూ చదవండి.

కనెక్టర్లు కూడా లెక్కపెట్టాలి. కార్డుకి 8 పిన్నులవి రెండు కావాలంటే పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి, ఒకే కేబుల్ చివర చీలిన రెండు తలలు వాడకపోవడమే మంచిది. 16 పిన్నుల కొత్త కనెక్టర్ అయితే సందు లేకుండా పూర్తిగా దిగిందో లేదో టార్చి వేసి చూడండి, సగం దిగినవి కాలిపోయిన సంఘటనలు ఉన్నాయి.

జాగ్రత్త: పాత మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) పవర్ సప్లై కేబుళ్లు కొత్తదానికి వాడకండి, ప్లగ్గు సరిగ్గా దిగినా సరే. పవర్ సప్లై వైపు పిన్నుల వరుసకి అందరూ పాటించే ప్రమాణం లేదు. తప్పు కేబుల్‌తో ఆన్ చేసిన క్షణంలో ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కు కాలిపోతాయి, ఫొటోలన్నీ వాటితోనే.

8. కూలర్, కేసు కలిపి ఎంచుకోండి

ఏటీఎక్స్ బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 బై 244, మినీ ఐటీఎక్స్ 170 బై 170. పెద్ద కేసులో చిన్న బోర్డు పడుతుంది, చిన్న కేసులో పెద్ద బోర్డు పట్టదు. కేసు స్పెసిఫికేషన్ నుంచి గరిష్ఠ కూలర్ ఎత్తు, గరిష్ఠ కార్డు పొడవు రాసుకోండి. ముందువైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్ పెట్టే ఆలోచన ఉంటే కార్డు పొడవులోంచి రేడియేటర్ 27, ఫ్యాన్ 25, వెరసి 52 మిల్లీమీటర్లు తీసేయాలి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది.

ముందు అద్దం ఉన్న కేసు ఫొటోలో బాగుంటుంది, జాలీ ఉన్న కేసులో గాలి ఆడుతుంది. నా ఓటు జాలీకే. 65 వాట్ల చిప్‌కి డబ్బాలో వచ్చే కూలర్ చాలు, కాకపోతే ఎడిటింగ్ లాంటి పనులప్పుడు కాస్త రొద పెడుతుంది.

9. కొనేముందు జతలు కలపండి

ఇప్పుడు కాగితం మీద జతలు ఉండాలి: సాకెట్ ఎదురుగా సాకెట్, డీడీఆర్ ఎదురుగా డీడీఆర్, కూలర్ ఎత్తు ఎదురుగా కేసు పరిమితి, కార్డు పొడవు ఎదురుగా కేసు పరిమితి, వాట్లు ఎదురుగా పవర్ సప్లై. ఒక్క జతలోనైనా ఖాళీ ఉంటే కొనకండి. తర్వాత అవే పార్టులు పీసీపార్ట్‌పికర్ అనే సైటులో పెట్టి ఒకదానితో ఒకటి కుదురుతాయో చూడండి, చాలావరకు పట్టేస్తుంది, అయినా చిన్న కొలతల విషయంలో దాన్ని గుడ్డిగా నమ్మొద్దు.

అన్ని పార్టులూ ఒకే వారంలో కొనండి. డిస్కౌంట్ కోసం మూడు నెలలపాటు ఒక్కొక్కటే కొంటే, బోర్డు పాడైందని తెలిసేసరికి దాని రిటర్న్ గడువు దాటిపోయి ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ తీసుకుంటుంటే విండోస్ 11 సంగతి చూసుకోండి. టీపీఎం 2.0 (భద్రతా చిప్) కావాలి, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఇంటెల్ 8వ తరం కన్నా, రైజెన్ 2000 కన్నా పాతవి దాదాపు ఉండవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

అందరూ చేసే పొరపాట్లు

మానిటర్ కేబుల్‌ని కార్డుకి కాకుండా బోర్డుకి గుచ్చేసి "కొత్త కార్డు స్లోగా ఉంది" అనడం. నవ్వకండి, ప్రతి మూడో బిల్డులో చూస్తాను. తెర అసలు రాకపోయినా మొదట చూడాల్సింది అదే.

కూలర్ అడుగున ప్లాస్టిక్ కాగితం తీయకుండా బిగించేయడం. ర్యామ్‌ని పక్కపక్క స్లాట్లలో పెట్టడం: నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ప్రాసెసర్‌కి కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్ బోర్డు పై మూలన పెట్టడం మర్చిపోవడం, అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర రాదు. కేసులో ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని కేసుకి తగలకుండా ఎత్తిపట్టే చిన్న కాళ్లు) బోర్డు రంధ్రాలకి సరిపడనిచోట ఒకటి మిగిలిపోవడం, అది బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

కేసులో బిగించకముందే బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కరెంటు మాత్రమే తగిలించి ఆన్ చేయండి. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ అయితే కార్డు కూడా. లోపం ఏదైనా ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

డీడీఆర్5 వాళ్లకి ముఖ్యమైన మాట. మొదటిసారి ఆన్ చేయగానే తెర రాదు. బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకుంటూ ఉంటుంది, ఏఎం5లో దీనికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. నాకీ సంగతి తెలియని రోజున నిమిషం చూసి ఆఫ్ చేసి, ర్యామ్ పీకి, మళ్లీ పెట్టి, మళ్లీ ఆఫ్ చేసి, ఇలా మూడుసార్లు చేశాను, ప్రతిసారీ పరీక్ష మొదటికొచ్చింది. నాలుగోసారి విసుగొచ్చి టీ పెట్టుకోవడానికి వెళ్లొచ్చేసరికి బయోస్ తెర నవ్వుతూ కనిపించింది. కాబట్టి టెన్షన్ పడకుండా పది నిమిషాలు వదిలేయండి. అప్పటికీ రాకపోతే బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసిన చిన్న లైట్లలో ఏది వెలుగుతూ ఉండిపోయిందో చూడండి, లోపం ఆ వైపు ఉంటుంది.

బయోస్‌లోకి వెళ్లాక ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. చేయకపోతే 6000 వేగానికి డబ్బిచ్చి 4800 దగ్గర నడుపుతుంటారు. ఇంటెల్ 13, 14 తరాల 13600కే, 14600కే లాంటి ఐ5లు, ఐ7, ఐ9 లాంటి పెద్ద చిప్‌లు వాడేవాళ్లు బయోస్‌ని తాజా వెర్షన్‌కి మార్చాకే మిగతా పని మొదలెట్టండి. ఎక్కువ వోల్టేజీ వల్ల అవి దెబ్బతినే సమస్యకి 2024లో ఇంటెల్ విడుదల చేసిన సవరణ అందులోనే వస్తుంది.

విండోస్ ఎక్కాక:

- టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ: వేగం మీరు కొన్నదే చూపించాలి, స్లాట్లు నాలుగులో రెండు వాడినట్టు ఉండాలి.
- డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు. 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60 మీదే ఏడాది గడిపినవాళ్లు ఉన్నారు.
- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్తదని అమ్మినదానికి వందల గంటలు కనిపిస్తే వాపసు ఇచ్చేయండి.
- ప్రాసెసర్‌కి పని పెట్టే సినీబెంచ్ పది నిమిషాలు నడుపుతూ, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి చూడండి. రైజెన్ 7000లో ఎక్స్ రకాలు 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారుచేశారు, కంగారక్కర్లేదు. ఏ పనీ చేయకుండా 70 దాటుతుంటే మాత్రం కూలర్ సరిగ్గా కూర్చోలేదు.
- ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రి పెట్టి పడుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ముందు ఎక్స్‌పో ఆపి మళ్లీ నడపండి, అప్పుడూ వస్తే ర్యామ్ మార్పించుకోవాల్సిందే.

ఇవన్నీ రిటర్న్ గడువులోపే చేసేయండి, అప్పటిదాకా అట్టపెట్టెలు పారేయొద్దు. మిగిలిపోయిన పవర్ సప్లై కేబుళ్లని ఒక సంచిలో వేసి పైన దాని మోడల్ పేరు మార్కర్‌తో రాయండి, రెండేళ్ల తర్వాత ఆ సంచి ఏ పవర్ సప్లైదో గుర్తుండదు.